సెమినార్, గ్రాంటు, ఉద్యోగం: ఒకే పరిశోధనను ముగ్గురికి ఎలా చెప్పాలి?

పిహెచ్‌డి చేస్తున్నవాళ్ళు చాలామంది ఈ మూడింటినీ మూడు వేర్వేరు పనులుగా చూస్తారు. సెమినార్ అంటే కొత్త ఊరు చూసొచ్చే అవకాశం. గ్రాంటు అంటే గైడ్ పోరు పడలేక వేసే అప్లికేషన్. ఉద్యోగం సంగతి థీసిస్ ఇచ్చేశాక చూసుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని రెండేళ్ళు పోగొట్టుకున్నాను. తర్వాత ఎప్పుడో, అప్లికేషన్లు చదివే బల్లకు అవతలివైపు కూర్చోవలసి వచ్చినప్పుడు అసలు సంగతి తెలిసింది. మూడు చోట్లా చెప్పేది ఒకే పరిశోధన గురించే, చదివేవాళ్ళ అవసరమే వేరు. సెమినార్ నిర్వాహకులు మీ పేపర్‌ను ఏ ప్యానెల్లో పెట్టాలా అని చూస్తారు. డబ్బిచ్చేవాళ్ళు ఈ పని గడువులోగా పూర్తవుతుందా అని చూస్తారు. ఉద్యోగమిచ్చే శాఖవాళ్ళు మాత్రం, ఈ మనిషి మా పక్కగదిలో పదేళ్ళుంటే ఎలా ఉంటుంది, ఏ కోర్సులు చెబుతారు అని చూస్తారు.

సోషియాలజీ, రాజనీతి, ఆంత్రోపాలజీ, అర్థశాస్త్రం, ఏ శాఖవారికైనా కింది వరుస పనికొస్తుంది. అర్థశాస్త్రం వాళ్ళ ఉద్యోగాల వేట మాత్రం కొంచెం ప్రత్యేకం, దాని సంగతి ఆ చోట చెబుతాను.

1. ముందు ఒక పేరా రాసుకోండి

ప్రకటనలు వెతకడం తర్వాత. ముందు మీ పరిశోధనను 150 మాటల్లో రాయండి. అందులో ఇవి ఉండాలి: మీరు అడుగుతున్న ప్రశ్న, దానికి ఇప్పటిదాకా ఉన్న జవాబు ఎక్కడ చాలడం లేదు, ఎవరి దగ్గర ఏ సమాచారం సేకరించారు, ఏం తేలింది. పని ఇంకా మొదట్లోనే ఉంటే, ఏం తేలితే మీ ఊహ తప్పని ఒప్పుకుంటారో రాయండి.

ఊహించి రాసిన ఉదాహరణ ఒకటి చూడండి. విషయం వలస. మామూలుగా వచ్చే అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) ఇలా ఉంటుంది:

“వలస, లింగ సంబంధాలు, కుటుంబంలో అధికారం అనే అంశాలను ఈ పత్రం గుణాత్మక పద్ధతిలో బహుముఖ కోణాల నుంచి పరిశీలించే ప్రయత్నం చేస్తుంది.”

ఇందులో తప్పేమీ లేదు, సరుకూ లేదు. ఇదే వాక్యం ఇంకో వంద పేపర్లకు అతుకుతుంది. ఇప్పుడిది చూడండి:

“భర్త వలస వెళ్ళిన ఇళ్ళలో ఖర్చుల మీద భార్య పట్టు పెరుగుతుందని అంటారు. 42 ఇళ్ళలో ఏడాదిపాటు తీసుకున్న ఇంటర్వ్యూలు, రాయించిన ఖర్చుల డైరీలు వేరే మాట చెబుతున్నాయి. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందన్నదాని కన్నా, పడినట్టు మెసేజ్ వచ్చే ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నదే లెక్క. ఫోన్ అత్తగారి దగ్గరుండే ఇళ్ళలో ఖాతా భార్య పేరు మీదే ఉన్నా ఆమె పని సంతకం వరకే.”

చదువుతున్న మనిషి ‘ఫోన్’ దగ్గర ఆగుతాడు. ఒక్క రోజులో రెండువందల అబ్‌స్ట్రాక్టులు చదివేవాణ్ణి ఆపాలంటే ఇలాంటి వస్తువొకటి కావాలి. ఈ పేరానే తర్వాత అబ్‌స్ట్రాక్ట్ అవుతుంది, ప్రపోజల్ మొదటి పేజీ అవుతుంది, ఉద్యోగం ఉత్తరంలో రెండో పేరా అవుతుంది. దీనికి ఒక వారం పట్టినా నష్టం లేదు.

2. గడువుల్ని వెనక నుంచి లెక్కేయండి

పెద్ద మహాసభలకు అబ్‌స్ట్రాక్టుల గడువు చాలా ముందే ముగుస్తుంది, ఎనిమిది తొమ్మిది నెలలు ముందన్నా ఆశ్చర్యం లేదు. అంతర్జాతీయ సోషియాలజీ సంఘం ఐఎస్ఏ ప్రపంచ మహాసభను నాలుగేళ్ళకోసారి జరుపుతుంది. 2018లో టొరంటోలో జరిగింది. తర్వాతది 2022లో మెల్‌బోర్న్‌లో జరగాల్సి ఉండగా కోవిడ్ వల్ల 2023కి వాయిదా పడి జరిగింది. 2027లో దక్షిణ కొరియాలోని గ్వాంగ్జూలో. రాజనీతి శాస్త్రానికి అంతర్జాతీయ సంఘం ఐప్సా, దాని మహాసభ మామూలుగా రెండేళ్ళకోసారి. అంటే ఒక గడువు తప్పితే ‘వచ్చే ఏడు చూద్దాం’ అనడానికి అన్నిచోట్లా కుదరదు.

గ్రాంటు విషయంలో అప్లికేషన్ వేసిననాటి నుంచి జవాబు వచ్చేదాకా ఐదారు నెలలు మామూలు. జవాబు వచ్చాక డబ్బు చేతికి రావడానికి ఇంకొన్ని నెలలు. ఉత్తర అమెరికా విశ్వవిద్యాలయాల ఉద్యోగ ప్రకటనలు ఎక్కువగా ఆగస్టు నుంచి నవంబరు లోపల పడతాయి, చేరేది మరుసటి ఏడాది. యూరప్‌లో ఏడాది పొడుగునా పడుతూనే ఉంటాయి.

ఇక్కడ ఒక పీటముడి ఉంది. ప్రయాణ ఖర్చులిచ్చే సంస్థ పేపర్ అంగీకరించిన లేఖ అడుగుతుంది. ఆ లేఖ వచ్చేసరికి ప్రయాణ నిధి గడువు దాటిపోతుంది. రెండూ సరిపోయినా వీసా అపాయింట్‌మెంట్ దొరకదు. దీనికి మందు సిగ్గుపడకుండా అడగడమే. “ఫలానా తేదీలోగా ప్రయాణ నిధికి దరఖాస్తు చేయాలి, నిర్ణయం కాస్త ముందుగా తెలియజేయగలరా?” అని నిర్వాహకులకు రెండు వాక్యాలు రాయండి. చాలామంది ముందే చెబుతారు. ‘ఫలితం ఇంకా రాలేదు’ అన్న సంగతి చెబుతూనే దరఖాస్తు వేయనిచ్చే నిధులూ ఉన్నాయి, అదీ అడిగి తెలుసుకోండి.

వెతకాల్సిన చోట్లు మరీ ఎక్కువ పెట్టుకోవద్దు. మీ శాస్త్రం తాలూకు అంతర్జాతీయ సంఘం ఒకటి, ప్రకటనల కోసం హెచ్-నెట్, యూరప్ ఫెలోషిప్పులకూ ఉద్యోగాలకూ యురాక్సెస్, బ్రిటన్ కొలువులకు జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే. వారానికొక పూట, ఒక గంట చాలు. రోజూ చూస్తూ కూర్చుంటే వెతకడమే పనైపోయి, రాయడం మూలకు పడుతుంది.

3. సెమినార్‌ను ఎంచుకోవడం

పెద్ద మహాసభ, చిన్న వర్క్‌షాప్ రెండూ ఎదురుగా ఉంటే, తొలి ఏళ్ళలో నా ఓటు వర్క్‌షాప్‌కే. వేలమంది వచ్చే చోట మీ ప్యానెల్‌కు ఎనిమిదిమంది రావచ్చు, అందులో నలుగురు మాట్లాడవలసినవాళ్ళే. పాతికమంది కూర్చునే వర్క్‌షాప్‌లో మీ పేపర్‌ను ముందే పూర్తిగా చదివి వచ్చిన మనిషి ఒకరుంటారు. ఆ ఒక్కరి ప్రశ్నలు ఆరునెలల చదువుకు సమానం. పెద్ద సభకే వెళ్ళాలనుకుంటే దాని లోపల చిన్న గూడు వెతుక్కోండి. ఐఎస్ఏలో 50కి పైగా పరిశోధక కమిటీలున్నాయి, అబ్‌స్ట్రాక్టులు చూసేది ఆ కమిటీల సెషన్ నిర్వాహకులే. వలస మీద పనిచేసేవాళ్ళు వలస కమిటీకి పంపితే సరే. కానీ అదే పేపర్ కుటుంబం మీద పనిచేసే కమిటీలో కొత్తగా కనబడుతుంది, వలస కమిటీలో నలభైలో ఒకటవుతుంది.

ఫీజు కట్టేముందు రాయితీ చూడండి. ఐఎస్ఏ దేశాల ఆర్థికస్థాయిని బట్టి ఏ, బి, సి అని మూడు వర్గాలు చేసి ఫీజు వేస్తుంది. విద్యార్థులకు వేరే తగ్గింపు. ఈ పట్టిక చూసుకోకుండా పూర్తి ఫీజు కట్టేసినవాళ్ళు నాకు తెలుసు.

ఇక దొంగ సెమినార్లు. మీ పేపర్‌ను పొగుడుతూ పిలుపు వస్తుంది, పేరు తప్పు రాస్తారు, రెండు రోజుల్లో అంగీకార లేఖ పంపుతారు, అదే హోటల్లో అదే రోజు దంతవైద్యం, సివిల్ ఇంజనీరింగ్, సోషియాలజీ అన్నీ జరుగుతాయి. కమిటీలో ఉన్నట్టు చూపిన ఒకరిద్దరికి నేరుగా రాసి చూడండి. తమ పేరు అక్కడుందనే వాళ్ళకు తెలియకపోవచ్చు. కిందటేటి కార్యక్రమం వివరాలు ఎక్కడా దొరకకపోతే డబ్బు కట్టకండి.

4. పదిహేను నిమిషాలు

నా మొదటి అంతర్జాతీయ సభలో పదిహేను నిమిషాలిచ్చారు. పదకొండు నిమిషాలు పాత పరిశోధనల సమీక్షకే పోయాయి. అధ్యక్షురాలు ‘2’ అని రాసిన చీటీ చూపించింది. పద్ధతి దాకా వచ్చాను, ఫలితం దగ్గరికి రాకముందే గంట మోగింది. టీ దగ్గర ఒక పెద్దాయన మర్యాదగా అడిగాడు, “ఇంతకీ ఏం తేలింది?” నిలబడి మూడు వాక్యాల్లో చెప్పాను. “అదే అక్కడ చెప్పుంటే సరిపోయేది కదా” అన్నాడు. అప్పటి నుంచి నా మొదటి స్లయిడ్ ఫలితమే.

పదిహేను నిమిషాలకు లెక్క ఇది: ప్రశ్న, ఫలితం కలిపి రెండు నిమిషాలు. సమాచారం ఎక్కడిది, ఎలా సేకరించారు అన్నదానికి మూడు. ఆధారాలకు ఎనిమిది, అదీ ఒకటి రెండు కేసులు దగ్గరగా చూపిస్తూ. పరిమితులకు రెండు. పాత పరిశోధనలకు విడిగా సమయం ఉండదు, అవి ప్రశ్నలోనే కలిసిపోవాలి.

ప్రశ్నల సమయానికి సిద్ధం కావడం ఎవరూ నేర్పరు. గుణాత్మక పరిశోధన చేసినవాళ్ళకు ఒక ప్రశ్న రాసిపెట్టి ఉంటుంది: “42 ఇళ్ళతో ఏం చెప్పగలరు?” దీనికి క్షమాపణ చెప్పేవాళ్ళే ఎక్కువ. అవసరం లేదు. “ఎన్ని ఇళ్ళలో ఇలా జరుగుతుందో ఈ 42 చెప్పవు. ఎలా జరుగుతుందో చెబుతాయి. ఎన్ని అన్నది తేల్చాలంటే సర్వేలో ఫోన్ ఎవరి దగ్గరుంటుందన్న ప్రశ్న ఉండాలి, ఇన్నాళ్ళూ ఖాతా ఎవరి పేరు మీదుందనే అడుగుతున్నారు” అనండి. ఈ జవాబు ఇంటికి తీసుకొచ్చి రాసిపెట్టుకుంటే తర్వాతి గ్రాంటు ప్రపోజల్‌కు బీజం అదే.

సభ అయిన వారం లోపల, ప్రశ్న అడిగినవాళ్ళలో ఇద్దరికి ఉత్తరం రాయండి. “మీరడిగిన దానివల్ల మూడో భాగం మార్చాను, ఇదిగో” అని ఆ భాగం జతచేయండి. ‘మిమ్మల్ని కలవడం సంతోషం’ అన్న ఉత్తరాలు ఎవరికీ గుర్తుండవు. రేపు పోస్ట్‌డాక్‌కు (పిహెచ్‌డి తర్వాత కొన్నాళ్ళపాటు చేసే పరిశోధన కొలువు) ఆతిథ్యమిచ్చే ప్రొఫెసర్ కావాలన్నా, రిఫరెన్స్ కావాలన్నా ఆ ఇద్దరిలో ఒకరు అక్కరకొస్తారు.

5. గ్రాంటు: అర్హత నుంచి బడ్జెట్ దాకా

ముందు అర్హత నియమాలు అక్షరం అక్షరం చదవండి. ప్రపోజల్ ఎంత బాగున్నా ఇక్కడ తేడా వస్తే రివ్యూయర్ దాకా పోదు. యూరప్‌లోని మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌లో రాకపోకల నియమం ఒకటుంది. గడువు తేదీకి ముందు 36 నెలల్లో, మీరు వెళ్ళదలచిన దేశంలో మొత్తం 12 నెలలకు మించి ఉండకూడదు. ఆ దేశంలో ఇప్పటికే రెండేళ్ళుగా పనిచేస్తున్నవాళ్ళు వేయడానికి లేదు. ఇంకో మెలిక, మార్కులు బాగా తక్కువొస్తే అదే సంస్థతో కలిసి మరుసటి ఏడాది మళ్ళీ వేయనివ్వరు. ‘ఒక రాయి వేసి చూద్దాం’ అన్న ధోరణి ఇక్కడ చెల్లదన్నమాట.

తొలి మెట్టు ఎప్పుడూ చిన్నదే కావాలి. ప్రయాణ నిధి, తర్వాత ఫీల్డ్‌వర్క్ గ్రాంటు. ఆంత్రోపాలజీ వాళ్ళకు వెన్నర్-గ్రెన్ ఫౌండేషన్ ఉంది, 1941లో మొదలైన సంస్థ, థీసిస్ ఫీల్డ్‌వర్క్‌కు ఏ దేశం విద్యార్థికైనా ఇస్తుంది. ఆ తర్వాతవి మేరీ క్యూరీ, జర్మనీలో హంబోల్ట్ ఫౌండేషన్ ఇచ్చే ఫెలోషిప్. ఈ రెండింటికీ ఆతిథ్యమిచ్చే పరిశోధకుడి ఒప్పుకోలు ముందే కావాలి. చివరికి యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ స్టార్టింగ్ గ్రాంటు లాంటివి, ఐదేళ్ళకు 15 లక్షల యూరోల దాకా. ఏ దేశస్థులైనా వేయవచ్చు గాని పని జరిగే సంస్థ యూరోపియన్ యూనియన్‌లోనో దానితో ఒప్పందమున్న దేశంలోనో ఉండాలి. చిన్న గ్రాంటు తీసుకుని గడువులో పూర్తి చేసి లెక్క అప్పజెప్పడం, పెద్ద గ్రాంటుకు అన్నిటికన్నా మంచి సిఫారసు.

ఆతిథ్యం అడిగే ఉత్తరం పొట్టిగా ఉండాలి. మొదటి పేరాలో మీ 150 మాటల సారం, రెండోదానిలో వాళ్ళ ఫలానా పనితో మీది ఎక్కడ కలుస్తుందో ఎక్కడ విభేదిస్తుందో, మూడోదానిలో ఏ ఫెలోషిప్, ఏ గడువు. విభేదం గురించి రాయడానికి భయపడతారు గాని, చదివినట్టు నమ్మించేది అదే.

ప్రపోజల్ చదివే రివ్యూయర్ మీ శాస్త్రం మనిషి కాకపోవచ్చు. రాజనీతి చదివినవాడు ఆంత్రోపాలజీ ప్రపోజల్ చూస్తాడు. అతని మనసులో ఉండేవి మూడే: దీనివల్ల కొత్తగా ఏం తెలుస్తుంది, తెలిస్తే ఏమిటి, చెప్పింది నిజమని ఎలా నమ్మాలి. మూడింటికీ మొదటి పేజీలోనే జవాబు ఉండాలి. మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది జారతారు. ‘లోతైన ఇంటర్వ్యూలు చేస్తాను’ అని ఆగిపోతారు. ఎవరితో, ఎందుకు వాళ్ళతోనే, ఏ ప్రశ్నకు వచ్చే ఏ జవాబు మీ వాదాన్ని బలపరుస్తుంది, ఏది కూలగొడుతుంది, ఇవి రాయాలి.

బడ్జెట్ గురించి కాస్త ఆగి చెబుతాను. పని తెలిసిన మనిషో కాదో బడ్జెట్‌లో బయటపడిపోతుంది. మన 42 ఇళ్ళనే తీసుకోండి. ఇంటర్వ్యూ ఒక్కొక్కటి గంటన్నర అనుకుంటే 63 గంటల రికార్డింగ్. ఒక గంట రికార్డింగ్‌ను అక్షరాల్లో పెట్టడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. ఐదు వేసుకున్నా 315 గంటలు. రోజుకు ఆరు గంటలు కూర్చోగలిగితే దాదాపు 53 పనిదినాలు, అంటే రెండున్నర నెలలు. అనువాదం కావాలంటే అది వేరే. చాలా ప్రపోజళ్ళలో దీనికి ‘విశ్లేషణ: ఒక నెల’ అని ఉంటుంది. చదివేవాడికి నవ్వొస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో చేయిస్తామంటే ఆ సంగతీ రాయండి, దిద్దడానికి పట్టే సమయమూ వేయండి, మాండలికాల దగ్గర అది బాగా పెరుగుతుంది.

విశ్వవిద్యాలయం తన నిర్వహణ ఖర్చుల కింద తీసుకునే వాటా సంగతి కూడా ముందే కనుక్కోండి. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ దాన్ని లెక్కలో 25 శాతంగా కలిపి ఇస్తుంది. వెన్నర్-గ్రెన్ అసలివ్వదు. మీ ఫైనాన్స్ విభాగం ‘మా వాటా లేకపోతే సంతకం పెట్టం’ అని చివరి రోజు చెబితే చేయగలిగేదేమీ ఉండదు. ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా అంతే. దానికి వారాలు పడుతుంది, అది వచ్చేదాకా డబ్బు విడుదల చేయని సంస్థలు చాలా ఉన్నాయి. రికార్డింగులు ఎక్కడ దాస్తారు, పేర్లు ఎలా మారుస్తారు, ఎన్నాళ్ళు ఉంచుతారు అన్నది ప్రపోజల్లో విడిగా అడుగుతారు.

ఒక మాట సివి గురించి. ఎన్ని పేపర్లు, ఏ పత్రికలు అన్న జాబితా బదులు ‘మీ పని వల్ల ఏం జరిగిందో వాక్యాల్లో చెప్పండి’ అని అడిగే సంస్థలు ఈ మధ్య పెరిగాయి. బ్రిటన్‌లో రాయల్ సొసైటీ 2019లో అలాంటి నమూనా తెచ్చింది. పేపర్లు తక్కువున్న కొత్తవాళ్ళకు ఇది మేలే. మీరు సేకరించిన డేటా ఇంకెవరైనా వాడుకున్నారా, విద్యార్థులకు శిక్షణ ఇచ్చారా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఓర్కిడ్ నంబర్ (పరిశోధకులను గుర్తుపట్టే అంతర్జాతీయ నంబర్) లేకపోతే ఇవాళే తీసుకోండి, ఉచితం, ఐదు నిమిషాల పని.

6. ఉద్యోగం

ప్రకటనను రంగు పెన్నుతో చదవండి. ‘తప్పనిసరి’ అన్నవి ఒక రంగు, ‘ఉంటే మంచిది’ అన్నవి ఇంకో రంగు. తప్పనిసరి వాటిలో ఒకటి లేకపోతే వదిలేయండి. ‘ఉంటే మంచిది’ వాటిలో సగం ఉన్నా వేయండి. ఆ రెండో జాబితా చాలాసార్లు కమిటీలో నలుగురి కోరికల మూట, అన్నీ ఉన్న మనిషి వాళ్ళకూ దొరకడు.

ఉత్తరం రెండు పేజీలు. అందులో థీసిస్ ఒక పేరా మించకూడదు. తర్వాతి ప్రాజెక్టు ఏమిటో తప్పక ఉండాలి, ఎందుకంటే వాళ్ళు తీసుకుంటున్నది మీ థీసిస్‌ను కాదు. వాళ్ళ కోర్సుల జాబితా తెరిచి, ఇప్పుడున్నవాటిలో ఏ రెండు మీరు చెప్పగలరో, కొత్తగా ఏది తేగలరో పేరు పెట్టి రాయండి. ‘ఏ కోర్సైనా చెప్పగలను’ అన్న వాక్యం ఎవరినీ ఒప్పించదు.

రిఫరెన్స్ ఇచ్చేవాళ్ళకు నాలుగు వారాల గడువివ్వండి. ప్రకటన, మీ ఉత్తరం, సివి, వాళ్ళు ప్రత్యేకంగా చెప్పగలిగిన ఒకటి రెండు సంగతులు కలిపి పంపండి. ఫీల్డ్‌వర్క్‌లో ఇంటర్వ్యూలు తీసుకునేటప్పుడు మిమ్మల్ని దగ్గరగా చూసినవారైతే ఆ సంగతి గుర్తుచేయండి. పెద్ద పేరున్నవాళ్ళ నాలుగు వాక్యాల ఉత్తరం కన్నా, మీ పని తెలిసినవారి రెండు పేజీల ఉత్తరం బరువు.

అర్థశాస్త్రం వాళ్ళది వేరే సంత. ప్రకటనలన్నీ దాదాపు ఒకేచోట, అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ నడిపే ‘జో’ అనే ఉద్యోగ ప్రకటనల జాబితాలో పడతాయి. ఒకే ఒక్క ‘జాబ్ మార్కెట్ పేపర్’ మీద, అంటే ఉద్యోగాల వేటలో మీ పనికి నమూనాగా చూపే పేపర్ మీద, అంతా తేలుతుంది. అక్కడ ‘సిగ్నల్’ అనే పద్ధతి ఒకటుంది. నిజంగా ఆసక్తి ఉందని చెప్పడానికి ఒక అభ్యర్థి రెండు సంస్థలకు మాత్రమే సంకేతం పంపగలరు. అందరూ కోరుకునే పెద్ద విభాగానికి దాన్ని వృథా చేయకండి. ‘ఈ మనిషి మా దగ్గరికి రాడులే’ అని మిమ్మల్ని పక్కన పెట్టేసే మధ్యస్థాయి చోటికి పంపితే ఫలితం ఉంటుంది. జనవరి సభల్లో హోటల్ గదుల్లో జరిగే తొలి ఇంటర్వ్యూలు కోవిడ్ తర్వాత ఆన్‌లైన్‌కు మారాయి, అందువల్ల ఆ ప్రయాణ ఖర్చు తప్పింది.

విశ్వవిద్యాలయాల బయట కూడా చూడండి. జె-పాల్, ఇన్నోవేషన్స్ ఫర్ పావర్టీ యాక్షన్ లాంటి పేదరికం మీద పరిశోధన చేసే సంస్థలు ఫీల్డ్ సర్వేలు నడిపేవాళ్ళను తీసుకుంటాయి. ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి సంస్థలు కన్సల్టెంట్లను తీసుకుంటాయి. యాప్‌లు చేసే కంపెనీలు మనుషులు వాటినెలా వాడుతున్నారో చూడటానికి ఆంత్రోపాలజీ చదివినవాళ్ళను పెట్టుకుంటాయి. వీటికి పన్నెండు పేజీల సివి పనికిరాదు, రెండు పేజీలు చాలు. మొదటి వరుసలో థీసిస్ పేరు బదులు ‘42 ఇళ్ళలో ఏడాదిపాటు ఫీల్డ్‌వర్క్, ముగ్గురు సహాయకుల బృందం, ఖర్చుల డైరీ రూపకల్పన’ అని రాయండి.

7. ‘కుదరదు’ వచ్చినప్పుడు, ‘సరే’ వచ్చినప్పుడు

తిరస్కరణతో పాటు రివ్యూలు వస్తే ఆ రోజు తెరవకండి. మర్నాడు తెరిచి, ప్రతి అభ్యంతరం పక్కనా మూడింటిలో ఒకటి రాయండి: నిజం, నేను చెప్పింది అర్థం కాలేదు, అభిప్రాయభేదం. రెండో రకమే ఎక్కువుంటుంది. రివ్యూయర్‌కు అర్థం కాలేదని కోప్పడితే లాభం లేదు, ఏ వాక్యం దగ్గర దారి తప్పాడో వెతికి ఆ వాక్యం మార్చండి. రివ్యూలు పంపకపోతే అడగండి, కొన్ని సంస్థలు అడిగితేనే ఇస్తాయి.

ఇక ‘సరే’ అని వస్తే, సంతోషంలో అదే రాత్రి ఒప్పేసుకోకండి. కృతజ్ఞత చెప్పి, వారం గడువడిగి, ఇవన్నీ రాతపూర్వకంగా తెప్పించుకోండి: చేరే తేదీ, మొదటి ఏడాది ఎన్ని కోర్సులు, ఫీల్డ్‌వర్క్‌కు సెలవు ఎన్నాళ్ళు, ఇప్పటికే చేతిలో ఉన్న గ్రాంటును అక్కడికి బదిలీ చేసుకోవచ్చా. చివరిది మరిచిపోతే నష్టం మామూలుగా ఉండదు. కొన్ని గ్రాంటులు మనిషితో వస్తాయి, కొన్ని పాత సంస్థలోనే ఉండిపోతాయి, ఆ సంగతి చెప్పాల్సింది గ్రాంటు ఇచ్చినవాళ్ళు. వాళ్ళ జవాబు వచ్చాకే సంతకం పెట్టండి.